మ్రోగని బండి

ఊళ్లమీదుగా పోవు పాత బస్సులో కిటికీప్రక్కన కూర్చుండి ప్రయాణము చేసినవారి కందఱకును ఒక అనుభవము కలదు. బస్సు స్టాండులో ఆగి, ఇంజను మాత్రము తిరుగుచున్నంతసేపు కిటికీ అద్దములు గడగడ కొట్టుకొనును. ముందుసీటు వెనుకనున్న ఇనుపకడ్డీని పట్టుకొన్నచో చేయి జిల్లుమనును. తలను కిటికీచట్రమునకు ఆనించినచో పండ్లు సహితము కటకటలాడును. డ్రైవరు గేరు వేసి, బండిని కదలించి వేగము పెంచినంతనే ఆ గడగడ ఒక్కసారిగా తగ్గిపోవును. ఇంజను మునుపటికంటె వేగముగా తిరుగుచున్నది. మునుపటికంటె ఎక్కువ పని చేయుచున్నది. చప్పుడు హెచ్చవలసియుండగా అద్దములు ఊరకున్నవి. ఇది ఎట్లు సంభవించినది?

ఈ చిన్న ప్రశ్నను వెంబడించి పోయినచో, మోటారుకార్లను నిర్మించువారికి నిత్యము ఎదురగు ఒక పెద్ద చిక్కు మనకు బోధపడును. కారు మెత్తని స్ప్రింగుల మీద సాగిన చాలదు. దాని శరీరము బిరుసుగా నుండవలెను. బిరుసులేని బండి మ్రోగును. మ్రోగు బండిలో నాలుగైదు గంటలు ప్రయాణము చేసినవానికి తల దిమ్మెక్కును, ఒడలు నొచ్చును. బండి నడపువాడు అలసిపోయి రోడ్డు మీద చూపు నిలుపలేకపోవును. కావున ఇది సుఖమునకు మాత్రమే సంబంధించిన మాట కాదు.

ముందుగా వీణను తలంచుకొందము. బొబ్బిలి వీణను పనసమ్రానును తొలిచి చేయుదురు. దాని తంత్రి నొకదానిని మీటినచో ప్రతిసారియు ఒకే స్వరము పలుకును. గట్టిగా మీటినను, మెల్లగా మీటినను స్వరము మాఱదు. బిగ్గఱదనము మాత్రమే మాఱును. బిరడను త్రిప్పి తంత్రిని బిగించినచో స్వరము పైకి పోవును. మంద్రస్వరము పలుకు తంత్రి లావుగాను బరువుగాను ఉండును. దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. బిగువు హెచ్చినకొలదియు కంపనములు త్వరితమగును; బరువు హెచ్చినకొలదియు అవి మందగించును. ఒక సెకనులో ఎన్ని కంపనములు కలుగునో ఆ సంఖ్యకు పౌనఃపున్యమని పేరు. దానిని హెర్ట్జులలో చెప్పుదురు.

తంత్రికి మాత్రమే కాదు. గంటకు, తలుపురేకునకు, వంతెనకు, కారు శరీరమునకు కూడ ఇట్లే స్వంత పౌనఃపున్యములు కలవు. వీనిని సహజ పౌనఃపున్యములందురు. వస్తువు యొక్క బిరుసుతనమును దాని బరువుచేత భాగించి, వచ్చిన ఫలమునకు వర్గమూలము తీసినచో, సహజ పౌనఃపున్యము ఆ మూలమును అనుసరించి పెరుగును, తరుగును. బిరుసుతనము నాలుగు రెట్లయినచో పౌనఃపున్యము రెండు రెట్లగునే గాని నాలుగు రెట్లు కాదు. ఈ వర్గమూలము ఇంజనీర్లను మిక్కిలి కష్టపెట్టునది. ఎంతో శ్రమపడి బిరుసు పెంచినను ఫలము కొంచెముగానే చేతికి వచ్చును.

ఉయ్యాల నూపువాడు దాని ఊపునకు సరిగా, అది వెనుకకు వచ్చి తిరుగబోవు క్షణముననే త్రోయును. అప్పుడు చిన్నపిల్లవాడు త్రోసినను ఉయ్యాల మిన్నంటును. వేళతప్పి త్రోసినచో బలవంతుడు త్రోసినను నిలిచిపోవును. ఇట్లు బయటి త్రోపుడు వస్తువు యొక్క సహజ పౌనఃపున్యముతో సరిపోయినపుడు కంపనము విపరీతముగా పెరుగుటను అనునాదమందురు. ఇంగ్లండులో మాంచెస్టరు సమీపమున బ్రౌటన్ అను చోట 1831వ సంవత్సరమున సైనికులు కొందఱు అడుగు కలిపి నడచుచు ఒక వ్రేలాడు వంతెనను దాటుచుండగా, వారి అడుగులకు వంతెన లయ కలిసి ఊగసాగెను. సైనికులకు మొదట అది వేడుకగానే తోచెను. అంతలో గొలుసునకు ఆధారమైన ఇనుప సామగ్రి విఱిగి వంతెన యొకవైపు కూలెను. నాటినుండి వంతెనల మీద సైనికులు అడుగు కలుపక నడచుట ఆచారమైనది.

ఇక బస్సు అద్దముల కథ తేలికగా విడిపోవును. ఆగియున్న బస్సులో ఇంజను కొట్టు దెబ్బల లెక్కయు, అద్దముల చట్రముల సహజ పౌనఃపున్యమును దగ్గఱదగ్గఱగా నున్నవి. వేగము పెరుగగా దెబ్బల లెక్క ఆ పౌనఃపున్యమును దాటిపోయినది. ఉయ్యాల త్రోయువాడు లయ తప్పినాడు.

కారులో ఈ లెక్కను స్పష్టముగా చూడవచ్చును. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒక్కమాఱు పేలును; కావున నాలుగును కలిసి చుట్టునకు రెండు పేలుళ్లు. బండి నిలిచియుండగా ఇంజను నిమిషమునకు 750 చుట్లు తిరుగుచున్నదనుకొందము. సెకనుకు పన్నెండున్నర చుట్లు. అనగా 25 పేలుళ్లు. ఆ కారు శరీరము సహజముగా 25 హెర్ట్జుల వద్ద కంపించునదైనచో, ఎఱ్ఱదీపము వద్ద ఆగినప్పుడెల్ల దాని స్టీరింగు చక్రము వణకును, అద్దములో వెనుకబండి బొమ్మ అలికినట్లు కనబడును. మఱి 6000 చుట్లకు పోయినచో పేలుళ్లు సెకనుకు 200 అగును.

ఇంజనొక్కటియే కాదు. రోడ్డు గతుకులు చక్రమును సెకనుకు పది పదునైదు మాఱులు ఎగురగొట్టును. స్ప్రింగుల మీద కారు మొత్తము సెకనుకు ఒకటి రెండు మాఱులు మెల్లగా ఊగును. చక్రము ఒకవైపు బరువెక్కినదైనచో, దాని చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు గనుక, గంటకు 100 కిలోమీటర్ల వేగమున సెకనుకు దాదాపు 15 దెబ్బలు కొట్టును. ఇన్ని లయల నడుమ కారు శరీరము తన స్వరమును ఎవరితోను కలువకుండ దాచుకొనవలెను. చక్రముల లయకు పైగాను, నిలిచిన ఇంజను లయకు ఎడముగాను దాని మొదటి సహజ పౌనఃపున్యము ఉండవలెనని ఇంజనీర్లు చూతురు. అందులకే బిరుసు పెంచుట.

శరీరము కంపించినంతమాత్రమున చప్పుడు ఎట్లు పుట్టునని మీరు అడుగవచ్చును. మృదంగపు చర్మము గాలిని త్రోసినట్లే కారు పైకప్పు, నేల, వెనుకగోడ లోపలి గాలిని త్రోయును. ఆ గాలికి కూడ సహజ పౌనఃపున్యము కలదు. కారు లోపలి పొడవు రెండున్నర మీటర్లనుకొనుడు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. ఈ గోడనుండి ఆ గోడకు పోయి మఱల వచ్చుటకు ఐదు మీటర్లు. 340ని 5చే భాగించినచో 68. ఆ గాలి 68 హెర్ట్జుల వద్ద హోరెత్తును. ఇంజను నిమిషమునకు రెండువేల చిల్లర చుట్లు తిరుగునపుడు పేలుళ్లు సరిగా ఈ సంఖ్యకే వచ్చును. కొన్ని కార్లలో ఒక నియతవేగము వద్ద చెవులలో దూది క్రుక్కినట్లు గుమ్మని హోరు పుట్టి, వేగము మార్చగానే పోవుటకు ఇదియే కారణము. అట్టి కారు నిజముగా చక్రములు గల వీణయే. వీణ చేయువాడు మ్రానును తొలిచి మ్రోత పెంచును. కారు చేయువాడు అంతకష్టమును మ్రోత తగ్గించుటకు పడును.

ఇప్పుడు బిరుసు అనగా నేమో సరిగా తెలిసికొనవలెను. చాలమంది బలమును బిరుసును ఒకటిగా తలంతురు. అవి రెండును వేఱు. మోకు మిక్కిలి బలమైనది. కాని వంచిన వంగును, దానికి బిరుసు లేదు. గాజుకడ్డీ బిరుసైనది, కాని సన్నదైనచో చేతితో విఱువవచ్చును. విఱుగక భరించు శక్తి బలము. వంగక నిలుచు గుణము బిరుసు. 1678లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్కు, స్ప్రింగును ఎంత లాగుదుమో అది అంతకు తగినట్లే సాగునని ప్రకటించెను. ఆ నిష్పత్తియే బిరుసుతనమునకు కొలత. నేటి కార్లలో వాడు ఉక్కు పాత ఉక్కుకంటె రెండు మూడు రెట్లు బలమైనది. ఐనను సాగుటకు అది చూపు అడ్డము మాత్రము దాదాపు మాఱలేదు. మంచి ఉక్కు వేసితిమి గదా, బండి బిరుసెక్కినదనుకొనుట పొరపాటు.

అల్యూమినియము సంగతి ఇంకను వింతగా నుండును. అది ఉక్కుకంటె సుమారు మూడు రెట్లు తేలిక. బిరుసులో కూడ సుమారు మూడవవంతు. ఉక్కుకారును అచ్చముగా అదే కొలతలతో అల్యూమినియముతో చేసినచో బరువును బిరుసును ఒకే పాలున తగ్గి, సహజ పౌనఃపున్యము ఉన్నచోటనే యుండును. లోహమును మార్చుటచేత మాత్రమే లాభము లేదు. ఆకారమును మార్చవలెను.

ఆకారము చేయు మహిమను మీరే ఇంటివద్ద పరీక్షింపవచ్చును. చెప్పులు పెట్టుకొను అట్టపెట్టె నొకదానిని తీసికొని మూత తీసివేసి, రెండు కొనలను పట్టుకొని తడిబట్ట పిండినట్లు మెలిపెట్టుడు. అది సులభముగా మెలిదిరుగును. ఇప్పుడు మూత పెట్టి అంచుల చుట్టును జిగురుకాగితము అంటించి మఱల మెలిపెట్టుడు. అదే అట్ట, ఇంచుమించు అదే బరువు. కాని పెట్టె మీ చేతికి లొంగదు. మూతలో పెద్ద కంత కోసి చూడుడు, కొంత లొంగును. కారు కూడ ఇట్టి పెట్టెయే. తలుపుల కొఱకు, అద్దముల కొఱకు దానికి పెద్ద పెద్ద కంతలు పెట్టక తప్పదు. పైకప్పు లేని విలాసపు కార్లు చూచుటకు సొగసుగా నుండును గాని, అవి మూతలేని పెట్టెలు. పైకప్పును కోసివేసినందుకు నేలక్రింద అడ్డదూలములు వేసి బలపఱుపవలసివచ్చును. అందుచేత పైకప్పు లేని కారు తఱచుగా పైకప్పు గల కారుకంటె బరువుగా నుండుట గమనింపదగినది.

ఇంకొక పరీక్ష. దళసరి కాగితమును గొట్టముగా చుట్టి, అంచులు అంటింపక, కొనలు పట్టుకొని మెలిపెట్టుడు. చీలిక వెంట అంచులు జాఱిపోయి గొట్టము తిరిగిపోవును. అంచులను అంటించి, ఆఱనిచ్చి, మఱల మెలిపెట్టుడు. తేడా చేతికే తెలియును. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫు బ్రెట్టు 1896లో ఇట్టి పలుచని మూసిన గొట్టముల మెలికి లెక్క కట్టెను. ఆ లెక్కప్రకారము ఐదు సెంటీమీటర్ల వ్యాసము, ఒక మిల్లీమీటరు మందము గల ఉక్కుగొట్టము, నిలువునా చీలిన అదే గొట్టముకంటె మెలికి 1875 రెట్లు బిరుసైనది! ఒక్క చీలిక అంత పని చేయును. అందుచేతనే కారు తలుపుల క్రిందను, కప్పు అంచులందును, అద్దముల ప్రక్కన నిలిచిన స్తంభములందును రేకులను జతగా మడిచి, అంచులు కలిపి, లోపల బోలుగా నుండునట్లు మూసిన దూలములుగా అతుకుదురు. ఒక కారులో ఇట్టి చుక్క అతుకులు కొన్నివేలుండును. ఇటీవల అతుకుల నడుమ గట్టిజిగురు కూడ పూయుచున్నారు. ముందటి అద్దమును రబ్బరుచట్రములో తగిలించుటకు మాఱుగా శరీరమునకు జిగురుతో అంటించుటచేత అద్దము కూడ పెట్టెకు ఒక గోడవలె పనిచేయును.

మొదటి కార్లు ఇట్లు లేవు. గుఱ్ఱపుబగ్గీలు చేయువారే కారు పైభాగములను చేసిరి. క్రింద నిచ్చెనవంటి ఇనుపచట్రము. దానిమీద కొయ్యతోను రేకుతోను చేసిన గది. నేటికిని లారీలును, చాల బస్సులును ఇట్లే యున్నవి. నిచ్చెనను పిండినచో ఎంత సులభముగా మెలిదిరుగునో మీకు తెలియును. ఇటలీదేశస్థుడు విన్సెంజో లాంచియా 1922లో లాంబ్డా అను కారును ప్రదర్శించెను. ఓడ అడుగుభాగమువలె దాని శరీరమే బరువును మోయును, వేఱుగా చట్రము లేదు. 1934లో ఫ్రాన్సులోని సిట్రోయెన్ సంస్థ ఈ పద్ధతిలో కార్లను వేలకొలది తయారుచేయసాగెను. 1950వ దశకము చివర మొదలు 2014 వఱకు పశ్చిమబెంగాలులోని ఉత్తరపారాలో తయారై, మన రోడ్లను ఏలిన అంబాసిడరు కారునకు కూడ వేఱు చట్రము లేదు. అది ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారునకు ప్రతిరూపము.

పెట్టె మొత్తము బిరుసైనను రేకులు వేఱువేఱుగా మ్రోగవచ్చును. కారు రేకు మందము ఒక మిల్లీమీటరునకు లోపు. రెండు పుస్తకముల నడుమ కాగితమును వంతెనగా పఱచి దానిమీద రూపాయిబిళ్ల పెట్టుడు, కాగితము క్రుంగిపోవును. అదే కాగితమును విసనకఱ్ఱవలె మడతలుగా మడిచి పెట్టినచో బిళ్లను మోయును. కారు నేలరేకునందు గాడులును ఉబ్బులును పోతపోసినట్లు కనబడుట అందము కొఱకు కాదు, ఈ మడతల పని కొఱకే.

అప్పటికిని మ్రోత మిగిలినచో రేకునకు తారువంటి పదార్థపు దళసరి పలకలను అంటింతురు. మృదంగము వాయించువారు ఎడమ మూతకు తడిపిన రవ్వముద్దను అద్దుట మీరు చూచియుందురు. బరువు చేరుటచేత ఆ స్వరము క్రిందికి దిగును. కుడిమూత నడుమనున్న నల్లని ముద్ద చేయు పనిని మన సర్ సి. వి. రామన్ శాస్త్రీయముగా పరిశీలించి, దానివలననే మృదంగపు అనుస్వరములు పొందికగా పలుకుచున్నవని చూపెను. తారుపలక చేయునది మఱియొక పని. అది కంపనశక్తిని తనలోనే నలిపి వేడిగా మార్చివేయును. పని చేయును, సందేహము లేదు. కాని ఒక్కొక్క పలకయు బండికి బరువే. ఆకారమును సరిగా ఆలోచింపక, చివరకు పలకల మీద పలకలు అంటించి చప్పుడు మాన్పుట చిల్లికుండకు బంకమట్టి మెత్తుటవంటిది. పెరిగిన బరువునకు పెట్రోలు త్రాగునది వేఱుగా నున్నది.

ఇంజనును శరీరమునకు బిగించుచోట రబ్బరుదిమ్మలు వేయుట అందఱకును తెలిసిన ఉపాయము. రబ్బరు మెత్తగా నుండి కంపనమును మ్రింగవలెను. అయితే రబ్బరు క్రిందనున్న రేకు కూడ మెత్తనైనచో రెండును కలిసి ఊగును, రబ్బరు పెట్టిన ఫలము దక్కదు. కావున ఆ చోట శరీరము రబ్బరుకంటె ఐదు మొదలు పది రెట్లు బిరుసుగా నుండవలెనని ఇంజనీర్లలో ఒక లెక్క కలదు. మొత్తము కారు ఎంత బిరుసైనను, ఆ అరచేయంత చోటు మెత్తనైనచో ఇంజను కంపనమంతయు ఆ దారినే లోపలికి వచ్చును.

ఇన్ని మాటలు చెప్పితిమి. కారు బిరుసును కొలుచుట ఎట్లు? తలుపులు, ఇంజను, సీట్లు ఏమియు లేని వట్టి ఉక్కుశరీరమును వెనుకభాగమున కదలకుండ బిగింతురు. ముందుభాగమును ఒక దూలమునకు కట్టి, ఒకవైపు ఎత్తి, మఱియొకవైపు దించి మెలిపెట్టుదురు. పొడవునా సూక్ష్మముగా కొలుచు సాధనములను అమర్చి, ఎచ్చట ఎంత తిరిగినదో గుర్తింతురు. ఒక డిగ్రీ తిరుగుటకు ఎంత మెలి కావలెనో అదియే కొలత. నేటి మంచి కార్లలో అది 20,000 న్యూటను మీటర్లకు పైగా నుండును. అది ఎంతయో మీకు తెలియవలెనన్నచో, ఒక మీటరు పొడవుగల కడ్డీని శరీరమునకు అడ్డముగా బిగించి, దాని కొనకు రెండు టన్నుల బరువును వ్రేలాడదీసినట్లు ఊహించుకొనుడు. అప్పుడు అది తిరుగునది ఒక్క డిగ్రీ.

ఆ కొలతలను పొడవు వెంట గీతగా గీసినచో అసలు రహస్యము బయటపడును. గీత నున్నగా సాగినచో మంచిది. ఒకచోట మెట్టువలె ఎగసినచో అచ్చటి అతుకు మెత్తనని అర్థము. బండి మొత్తమునకు ఉక్కు దళసరి చేయనక్కఱలేదు. ఆ ఒక్క మూలను సరిచేసిన చాలును.

రెండవ పరీక్ష మన సంతలలో నిత్యము జరుగునదే. కుండ కొనువారు వ్రేలితో కొట్టి విని, పగులు కలదో లేదో చెప్పుదురు గదా. ఇంజనీర్లు కారు శరీరమును మెత్తని రబ్బరుత్రాళ్లతో వ్రేలాడదీసి, దెబ్బ బలమును కొలువగల చిన్న సుత్తితో కొట్టుదురు. శరీరము మీద అనేకచోట్ల అంటించిన సాధనములు ఎచ్చటెచ్చట ఎంత కదలినదో తెలుపును. ఆ కలగాపులగపు కదలికను ఫ్రెంచి గణితజ్ఞుడు ఫోరియే చూపిన మార్గమున వేఱువేఱు పౌనఃపున్యములుగా కంప్యూటరు విడదీయును. కూలీ, ట్యూకీ అను ఇద్దఱు 1965లో ఈ లెక్కను అతిశీఘ్రముగా చేయు ఉపాయమును ప్రకటించినపిదపనే ఇది సులభమైనది. మన దేశములో 1966లో పూనాలో నెలకొల్పబడిన ఆటోమోటివ్ రీసెర్చి అసోసియేషన్ ఆఫ్ ఇండియాలో ఇట్టి పరీక్షలు జరుపు ప్రయోగశాల కలదు.

ఏ పౌనఃపున్యమున శరీరము ఏ ఆకారముగా కదలునో కంటికి చూపిన మొదటివారిలో జర్మనీవాడగు క్లాడ్నీ ముఖ్యుడు. 1787లో అతడు లోహపు పలక మీద ఇసుక చల్లి, అంచును ఫిడేలు కమానుతో రాచి మ్రోయించెను. కదలుచోట్లనుండి ఇసుక ఎగిరి, కదలనిచోట్ల చేరి, ముగ్గువలె అందమైన గీతలు గీసెను. కారు శరీరమునకును ఇట్టి ముగ్గులున్నవి. ఒకదానిలో కారు అరటిపండువలె వంగును, మఱియొకదానిలో బట్టవలె మెలిదిరుగును. కదలని గీత వెళ్లుచోట ఇంజను దిమ్మనో సీటునో అమర్చుట మంచి నేర్పు.

పూర్వము కారును చేసి, మ్రోగినపిదప దిద్దెడివారు. నేడు చేయకముందే లెక్క కట్టుదురు. 1956లో అమెరికాలో టర్నరు, క్లఫ్, మార్టిన్, టాప్ అనువారు విమానపు ఱెక్కల బిరుసును లెక్కించుటకు, ఱెక్కను చిన్నచిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకును హుక్కు సూత్రమును అన్వయించి, అన్నిటిని కలిపి సాధించు పద్ధతిని ప్రకటించిరి. 1960లో క్లఫ్ దీనికి నామకరణము చేసెను. విమానముల కొఱకు పుట్టిన ఆ విద్యయే కార్లకు వచ్చినది. కంప్యూటరులో కారును లక్షలకొలది ముక్కలుగా చీల్చి, ఒక్క రేకును దళసరి చేసినచో, ఒక్క దూలమును ప్రక్కకు జరిపినచో ఏమగునో ఉక్కు కోయకయే చూచుచున్నారు.

ఈ విద్యచే సాధింపబడినదానికి ఒక ఉదాహరణ చెప్పవలెను. 1990వ దశకములో కార్లకు ఉక్కు బదులు అల్యూమినియము వచ్చునేమో యని ఉక్కు తయారుచేయువారికి భయము కలిగెను. పదునెనిమిది దేశములనుండి 35 ఉక్కుసంస్థలు కలిసి, పోర్షె ఇంజనీరింగు సంస్థకు ఒక పని అప్పగించినవి. ఉక్కుతోనే తేలికైన కారు శరీరమును చేసి చూపవలెను, ఖర్చు పెరుగరాదు. పోల్చుటకు తీసికొన్న నాటి కార్ల సగటు శరీరము 271 కిలోల బరువుండెను. దాని మెలి బిరుసు డిగ్రీకి 11,531 న్యూటను మీటర్లు. మొదటి సహజ పౌనఃపున్యము 38 హెర్ట్జులు. 1998లో వారు చూపిన శరీరము బరువు 203 కిలోలు మాత్రమే. మెలి బిరుసు 20,800! బరువు నాలుగవవంతు తగ్గినది, బిరుసు వందకు ఎనుబది పాళ్లు పెరిగినది.

ఇప్పుడు మన వర్గమూలపు సూత్రమును పరీక్షింతము. 20,800ని 11,531చే భాగించినచో 1.80. బరువు తగ్గినందుకు 271ని 203చే భాగించినచో 1.33. ఈ రెండును గుణించినచో సుమారు 2.4. దాని వర్గమూలము సుమారు 1.55. దానిచే 38ని గుణించినచో 59 వచ్చును. వారు కొలిచి ప్రకటించిన సంఖ్య 60 హెర్ట్జులు. కారు శరీరము వీణతంత్రివంటి సరళవస్తువు కాదు గనుక లెక్క ఇంత దగ్గఱగా కుదురుట కొంత అదృష్టమే. ఐనను ఒక వీణతంత్రితో ప్రారంభించి ఇంతవఱకు వచ్చితిమి గదా!

వారు ఇందుకు వాడినది మంత్రము కాదు. కప్పు అంచు దూలములను అతుకులు లేకుండ ఒకే గొట్టముగా, లోపల నీటి ఒత్తిడితో ఉబ్బించి చేసిరి. కావలసినచోట దళసరి, అక్కఱలేనిచోట పలుచని రేకును లేజరుతో అతికి, పిదప అచ్చు వేసిరి. పని లేని ఉక్కును తీసివేసి, పని ఉన్నచోట ఉంచిరి.

నేటి విద్యుత్తుకార్లలో ఈ కథ మఱియొక మలుపు తిరిగినది. ఇంజను పేలుళ్లు లేవు. పెద్ద మ్రోత పోయినది. పోగా, దాని వెనుక నింతకాలము దాగియున్న చిఱుమ్రోతలన్నియు వినబడసాగినవి. టైరు రోడ్డును రాచుకొను జోరు, అద్దపు అంచున గాలి ఈల, సొరుగులో ఎచ్చటనో కిఱ్ఱుమను మఱ. ఈ బండ్లలో బ్యాటరీలను అమర్చిన బలమైన బల్లపరుపు పెట్టెను నేలక్రింద బిగింతురు. బరువునకు బరువే గాని, అది అట్టపెట్టెకు రెండవ మూతవలె పనిచేసి మెలి బిరుసును పెంచును. ఇంత కష్టపడి నిశ్శబ్దము చేసిన ఆ బండి మెల్లగా పోవునపుడు దారినపోవువారికి, ముఖ్యముగా చూపులేనివారికి, వినబడుట లేదని తేలినది. అందుచేత ఐరోపా దేశములలో 2019వ సంవత్సరము జూలై నుండి కొత్తరకపు విద్యుత్తుకార్లు గంటకు 20 కిలోమీటర్ల వేగము వఱకు బయటికి కృత్రిమముగా ఒక ధ్వని చేయుచుండవలెనని శాసనము చేసిరి.